తొమ్మిదో పేరు

పేరమ్మ పేరును కంపెనీ దొంగిలించింది. ఇందులో వాదనకు చోటు లేదు. బతికినన్నాళ్ళూ ఆమె చేత ఉప్పు గంపలు మోయించి, పోయాక ఆమె పేరు మీద పదెకరాల ఉప్పు కయ్యలు నడుపుకున్నారు. ఈ సంగతి ఆమె మొగుడు కామాక్షయ్యకు తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. అదీ ఊళ్ళో ఎవరో చెప్పగా కాదు. నెల్లూరు నుంచి లెక్కలు రాసుకోవడానికి వచ్చిన సర్కారు ఉద్యోగి ఒకడు జాబితా చదువుతుంటే చెవిన పడింది.

అది అరవై ఒకటో సంవత్సరం, మాఘమాసం. మొగ తవ్వే రోజులు. మొగపాళెంలో ఉప్పుకాలువ సముద్రంలో కలిసే చోటే మొగ. కార్తీకం గాలివానలకు అది ఇసుకతో పూడిపోతుంది. మాఘ పౌర్ణమి పోటు వచ్చేలోగా దాన్ని తెరవాలి. తెరిస్తేనే ఆ ఏడాది కయ్యలకు నీళ్ళు, కయ్యల్లో ఉప్పు. మాల్యాద్రి నాయుడి సీతాపతి సాల్టు కంపెనీ తన అరవై మందినీ పన్నెండు రోజులు ఇసుకలో దింపుతుంది. ఎక్కడ తవ్వాలో, ఎంత లోతుకో చెప్పే మేస్త్రి కామాక్షయ్య. పౌర్ణమి ఇంకా మూడు రోజులు ఉంది.

నెల్లూరు ఉద్యోగి పేరు హెబ్రోను. ముప్పై ఏళ్ళు ఉండవు. చెప్పులు చేత్తో పట్టుకొని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి గట్టు మీద నిలబడ్డాడు. పక్కన కంపెనీ గుమాస్తా హజరత్తయ్య అతనికి గొడుగు పట్టాడు. కింద ఇసుకలో మగవాళ్ళు పారలతో తోడుతున్నారు. ఆడవాళ్ళు వరసగా నిలబడి గంపలు చేతులు మారుస్తున్నారు.

"ఈ ఉప్పు కయ్యలన్నీ కలిసి కొఠారు తొంభై ఎకరాలు గదా. కాగితంలో మాత్రం తొమ్మిది చిన్న కొఠార్లున్నాయి. తొమ్మిది మంది యజమానులు. పేర్లు చదువుతాను, మనిషిని చూపించండి," అన్నాడు హెబ్రోను.

మొదటి పేరు చదివాడు.

"నాయుడుగారి బావమరిదండీ," అన్నాడు హజరత్తయ్య.

రెండోది నాయుడుగారి మేనల్లుడు. మూడోది నాయుడుగారి వియ్యంకుడు. నాలుగోది వంటమనిషి.

"వంటాయన కూడా ఆసామే?" కింద నుంచి ఎవరో అన్నారు. "అందుకే ఇంతింత ఉప్పేస్తా ఉండాడు కూరలో."

గంపల వరసంతా నవ్వింది. హెబ్రోను కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒక్కొక్క పేరు పక్కన గుర్తు పెట్టుకుంటూ పోయాడు.

"తొమ్మిది. పేరమ్మ, భర్త కామాక్షయ్య, మొగపాళెం కాపురం."

వరసలో గంపలు ఆగిపోయాయి. పేరమ్మకు ప్రాణస్నేహితురాలైన నాగులమ్మ గంప నడుముకు ఆనించుకొని ఇసుక చూస్తూ నిలబడింది.

"ఆమె ఊళ్ళో లేదండీ. కోవూరు పోయుండాది, కూతురింటికి," అన్నాడు హజరత్తయ్య.

కామాక్షయ్యకు కూతురు లేదు.

అతను పార మీద రెండు చేతులూ ఆనించి హజరత్తయ్య ముఖం చూశాడు. హజరత్తయ్య గొడుగు ముఖానికి అడ్డం చేసుకున్నాడు. కామాక్షయ్యకు కోపం వచ్చింది గాని, కోపం కంటే ముందు తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. పేరు ఎవరు రాశారు? చచ్చిన మనిషి వేలు ఎక్కడ దొరికింది? ఎవరి వేలు అద్ది ఆమెదని చెప్పారు? చెప్పేస్తే ఇంతటితో అయిపోతుంది. అడగవలసినవి మిగిలిపోతాయి.

"గంపలు కదలనీండి. పోటు మనకోసం నిలబడదు," అన్నాడు.

గంపలు కదిలాయి.

*

మర్నాడు కొఠారు చూపించడానికి తనకు మేస్త్రే కావాలన్నాడు హెబ్రోను. హజరత్తయ్య వెంట వస్తానంటే, "నీ గొడుగు నీడలో నాకేమీ కనిపించడంలేదు," అని పంపేశాడు.

ఇద్దరూ గట్ల మీద నడిచారు. నీళ్ళు లేని కయ్యలు పగుళ్ళు బారి తెల్లగా ఉన్నాయి. హెబ్రోను ప్రతిదానికీ ఆగి అడిగేవాడు. నీళ్ళు మొదట ఏ కయ్యలోకి వస్తాయి? ఎన్నాళ్ళు నిలవబెట్టాలి? చిక్కబడిందని ఎట్లా తెలుస్తుంది? కామాక్షయ్య పోయిన ఏటి నీళ్ళు కొంచెం మిగిలిన గుంటలో చిక్కదనం కొలిచే గాజు గొట్టం తేల్చి, అది ఎంత పైకి లేచిందో చూపించాడు. తర్వాత వేలు ముంచి నాలుక మీద పెట్టుకొని, గొట్టం చూపే అంకె అది చూపకముందే చెప్పగలనన్నాడు. హెబ్రోను తనూ వేలు ముంచాడు. ముఖం వికారంగా పెట్టి ఉమ్మేశాడు.

"నాకేమీ తెలియలేదు."

"ముప్పయ్యేళ్ళు నాకితే తెలుస్తాదయ్యా."

కంపెనీ గట్టు అవతల పెంచలయ్యకు ఆరెకరాలున్నాయి. అతను, పెళ్ళాం, తమ్ముడు. ముగ్గురూ కయ్య అడుగును కాళ్ళతో తొక్కి గట్టి చేస్తున్నారు. పుస్తకం పట్టుకున్న మనిషిని చూసి పెంచలయ్య తొక్కుడు ఆపాడు.

"నీకు నీళ్ళెక్కడివి?" అని అడిగాడు హెబ్రోను.

"కంపెనీ కాలవే. ఈ వరసలో చిన్నోళ్ళం పదిహేడు మందిమి. మాకందరికీ అదే."

"మొగ మీరే తవ్వుకోలేరా?"

పెంచలయ్య తన పెళ్ళాం వైపు, తమ్ముడి వైపు చూశాడు. "ముగ్గురమే గదయ్యా. మేం తవ్వేలోపల ఇంకో కార్తీకం వస్తాది."

"మరి కంపెనీకి ఏమిస్తారు?"

"ఏమీ ఈము. వాళ్ళు తవ్వుకుంటారు, మాకూ వస్తాది. అడిగితే నాయుడు తిడతాడు. తిట్టినాక వదుల్తాడు."

హెబ్రోను రాసుకోబోయి కలం ఆపాడు. పుస్తకంలో గడులు చూపించాడు. ఎన్ని ఎకరాలు, ఎందరు కూలీలు, ఎంత ఉప్పు. మొగ ఎవరు తెరుస్తారన్నదానికి గడి లేదు.

"దేశానికి మా కొఠారుతో ఏం పనయ్యా?" అన్నాడు కామాక్షయ్య. "ఢిల్లీలో కూర్చోనుండేవాళ్ళు ఈ ఇసకను ఎందుకు లెక్కపెడతా ఉండారు?"

"ప్లానులు వేస్తున్నారు. చిన్నవాళ్ళకు సాయం చెయ్యాలని ఒక ఫైలు. అందుకే పదెకరాల దాకా ఉన్నవాళ్ళకు లైసెన్సు అక్కర్లేదు, సుంకం లేదు. పెద్దవాళ్ళను పెంచాలని ఇంకో ఫైలు. మీ నాయుడులాంటి నడిమివాళ్ళ ఫైలు ఇంకా కుట్టలేదు. నన్ను పంపింది అందుకే."

"కుట్టేలోపల ఆయనే తొమ్మిది ముక్కలయినాడు."

"అవును. మీ నాయుడే కాదు, చాలామంది అయినారు."

తూత్తుకుడి వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద కంపెనీ ఏజెంటు పదిరోజులుగా నెల్లూరులో మకాం వేశాడని పెంచలయ్య చెప్పాడు. ఆ కంపెనీ వాళ్ళు మొగ తవ్వరు, ఇంజన్లు పెట్టి తమ కయ్యలకు మాత్రం నీళ్ళు తోడుకుంటారు. పనివాళ్ళను తమ ఊళ్ళ నుంచే తెచ్చుకుంటారు. ఉప్పు రైలు పెట్టెల లెక్కన తప్ప అమ్మరు.

"సంగం నుంచి బండి తోలుకోనొచ్చినోడు రెండు మూటలడిగితే ఎవురిస్తారు?" అన్నాడు పెంచలయ్య. "చేపలు ఎండేసుకునే ఆడోళ్ళు ఒక గంప అడుగుతారు. వాళ్ళకెవురిస్తారు? నాయుడైతే విసుక్కోనైనా కొలుస్తాడు."

తిరిగి వస్తుండగా కామాక్షయ్య అడిగాడు.

"ఆ తొమ్మిదిలో ఒక పేరు అబద్ధమనుకోండి. ఏమవుతాది?"

హెబ్రోను గట్టు మీద అరికాలికి గుచ్చుకున్న ముల్లు తీసుకున్నాడు.

"తొమ్మిదీ ఒకటవుతాయి. తొంభై ఎకరాలకు లైసెన్సు లేకుండా ఉప్పు తీసినట్టు. మూడేళ్ళ సుంకం, దానిపైన జరిమానా."

"కట్టలేకపోతే?"

"అమ్ముకుంటాడు. కొనేవాడు నెల్లూరులో కూర్చోనే ఉన్నాడని ఇప్పుడే విన్నాం గదా." తర్వాత అన్నాడు. "నేను పట్టుకోవడానికి రాలేదు మేస్త్రీ, లెక్కపెట్టడానికి వచ్చినాను. కాని లెక్క లెక్కే. ఆ తొమ్మిదో ఆమెను నేను చూడలేదు. భర్తవు నువ్వు. ఎల్లుండి నువ్వు చెప్పిందే రాస్తాను."

*

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే మాల్యాద్రి నాయుడు కామాక్షయ్యను ఉప్పు తూచే కాటా పాక దగ్గరికి పిలిపించాడు. ఆయన ఖాళీ గోనెల దొంతర మీద కూర్చొని ఉన్నాడు. పంచె అంచుకు మొగ బురద అంటి ఉంది. హజరత్తయ్యను బయటికి పొమ్మన్నాడు.

"చెప్తావా?"

"చెప్తాను."

"మొగ తెరిచినాక చెప్పు. ఒక్క పోటు తప్పితే పెంచలయ్యలాంటోళ్ళు ఈ ఏడు గంజికి లేకుండా పోతారు. నాకోసం అడగడంలేదు."

"మీరు మీకోసం కాకుండా ఏదీ అడగరు."

మాల్యాద్రి గోనెలోంచి ఒక పోగు లాగి వేలికి చుట్టుకున్నాడు.

"పేరమ్మ పేరు ఎవురు పెట్టమన్నారు?" అన్నాడు కామాక్షయ్య.

"అది నన్నడగొద్దు."

"ఇంకెవుర్ని అడగాల? ఆమెను లేపి అడగాల్నా?"

"నన్నడగొద్దన్నాను గదా. మాటిచ్చుండాను."

"ఎవురికి?"

మాల్యాద్రి పోగు తెంచాడు. "గంపల గొడవ నాడే నిన్ను పంపించేసుంటే ఈ పొద్దు నాకీ తలనొప్పి లేకపొయ్యేది."

మూడేళ్ళ కిందట ఆషాఢంలో కంపెనీ కొత్త గంపలు తెప్పించింది. పాతవాటికంటే జానెడు లోతు ఎక్కువ, కూలి మాత్రం పాతదే. కామాక్షయ్య ఆ గంపల అంచులను మాల్యాద్రి కళ్ళముందే కొడవలితో కోసి పాత కొలతకు తెచ్చాడు.

"పంపించలేదే," అన్నాడు. "మొగ తెరిచేవాడు దొరకడని భయపడినారు."

మాల్యాద్రి తల ఎత్తి అతన్ని చూశాడు.

"అట్టాగే అనుకో," అన్నాడు.

*

పౌర్ణమి నాడు పొద్దున్నే కామాక్షయ్య కాటా పాకకు వెళ్ళాడు. హెబ్రోను ఉప్పు తూచే బల్ల మీద కాగితాలు పరుచుకొని ఉన్నాడు.

"రాసుకోండయ్యా. పేరమ్మ నా పెళ్ళాం. ఆమె లేదు, చచ్చిపోయింది. ఆమెకు పదెకరాలు లేవు, పది అడుగులు లేవు. కాగితంలో ముద్ర ఆమెది కాదు. ఎవుర్నో పట్టుకొచ్చి వేయించినారు."

హెబ్రోను రాయలేదు. సంచిలోంచి పదెకరాల రిజిస్ట్రీ కాగితం తీసి బల్ల మీద తిప్పి పెట్టాడు.

"దీన్నేనా నువ్వు చెప్పేది?"

కామాక్షయ్య ఊరి బడిలో మూడో తరగతి దాకా చదివాడు. వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. పైన స్టాంపు. కింద మాల్యాద్రి సంతకం. దాని పక్కన ఒకటి కాదు, అయిదు వేలిముద్రలున్నాయి. అయిదూ నల్లటి మచ్చలు. ఒక్కదానిలోనూ గీతలు లేవు.

"ఉప్పు మోసేవాళ్ళ వేళ్ళకు గీతలుండవంట గదా," అన్నాడు హెబ్రోను. "రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర పడలేదని మళ్ళీ మళ్ళీ వేయించినారు. చివరికి ఇదే ఆమె ముద్ర అని రాసుకున్నారు. గీతల్లేని ముద్ర ఎవరిదైనా కావచ్చు, నిజమే. అందుకే నిన్ను అడుగుతున్నాను."

కామాక్షయ్య కాగితం ఎత్తి వెలుతురుకు పట్టుకున్నాడు. అయిదు మచ్చల్లోనూ పైన కుడివైపు అంచు లేదు. గోరు తునక పాటి తెల్లటి వంపు. పెళ్ళయిన కొత్తలో మొగ తవ్వుతుంటే ఇసుకలో ఉన్న ఆలుచిప్ప పేరమ్మ ఎడమ బొటనవేలు కొసను తెంపేసింది. తన తలగుడ్డ చించి కట్టు కట్టింది అతనే. నెత్తురు ఆగేదాకా ఆ వేలు తన గుప్పిట్లో పట్టుకొని కూర్చున్నాడు.

తేదీ చూశాడు. యాభై ఎనిమిది, ఆగస్టు.

"ఆమె ఎప్పుడు పోయింది?" అన్నాడు హెబ్రోను.

"యాభై తొమ్మిది. ఆశ్వయుజం."

ఇద్దరూ కాగితం వైపు చూశారు. హెబ్రోను కలం కింద పెట్టాడు.

"కొంచేపు ఉండండయ్యా," అన్నాడు కామాక్షయ్య. "మొగ కాడ పనుంది."

*

మొగ దగ్గర ఇంకా నాలుగు గజాల ఇసుక మిగిలి ఉంది. కామాక్షయ్య పార తీసుకోలేదు. గంపల వరసలో నాగులమ్మ పక్కన నిలబడిన మనిషిని పక్కకు తప్పించి అక్కడ నిలబడ్డాడు. మేస్త్రి వరసలోకి రావడం ఎవరూ ఎరగరు. నాగులమ్మ అతని ముఖం చూసి గంప అందించింది.

"నువ్వూ ఉండావు గదా, ఆ పొద్దు?" అన్నాడు.

గంప ముందుకు పోయింది. ఇంకో గంప వచ్చింది.

"చెప్పు నాగులమ్మా."

"చెప్పనని దానికి మాటిచ్చినానన్నా."

"అది పోయింది. మాట నీ దగ్గర ఎందుకు?"

నాగులమ్మ ఇంకో రెండు గంపలు అందించింది.

"గంపలు కోసినావే, ఆ వారమే నాయుడు నిన్ను తీసేసినాడు. ఇస్కపల్లి నుంచి వేరే మేస్త్రికి కబురు కూడా పోయింది. నీకు చెప్పడమొకటే మిగిలింది. అప్పుడే ఆయనకు తొమ్మిదో పేరు కావాల్సి వచ్చె. ఊరి మనిషి అయ్యుండాల, ఇక్కడ ఇల్లుండాల. పేరమ్మే పోయి అడిగింది. నా పేరు పెట్టుకో, మా ఆయన్ని ఉండనీ అనింది. ఆయనకు తెలియకూడదు అనింది. తెలిస్తే నన్నూ కొఠారునూ రెంటినీ వదిలేసి పోతాడనింది."

కామాక్షయ్య గంప అందుకొని, అవతలివాళ్ళకు ఇవ్వడం మరిచి పట్టుకొని నిలబడ్డాడు. అవతలి మనిషి చేతులు చాచి ఉంది. ఇచ్చాడు.

"నెల్లూరికి ఎప్పుడు పోయినారు?"

"పెంచలకోన గుడికి పోయొస్తామని నీకు చెప్పలా? ఆ పొద్దు."

"ప్రసాదం తెచ్చినారే."

"నెల్లూరు బస్టాండు కాడ కొన్న్యాం. బొరుగులు, బెల్లం."

ఆ బొరుగులు కళ్ళకద్దుకొని తిన్నాడతను. పేరమ్మ ఎదురుగా కూర్చొని చూసింది.

"ఆఫీసులో అయిదుసార్లు యేయించినారన్నా ముద్ర. తుడవడం, యేయడం. ఆ గుమాస్తా, ఏమ్మా నీకు వేలే లేదా అన్న్యాడు. బస్సులో ఇద్దరం ఒకటే నవ్వు. పదెకరాల ఆసామివి, బస్సు చార్జీకి నన్నడుగుతావేమే అన్న్యాను. ఈసారికి పెట్టు, నీకు ఒక ఎకరా రాసిస్తాలే అనింది." నాగులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అంత నవ్వు నేను మళ్ళీ నవ్వలా."

కామాక్షయ్య ఇంకో ఇరవై గంపలు అందించాడు. మూడేళ్ళుగా మాల్యాద్రి ముందు తల ఎత్తి నడిచాడు. తనను చూసి ఆయన భయపడ్డాడని చెప్పుకున్నాడు. మొన్న కూడా ముఖం మీదే అన్నాడు. ఆయన విని, అట్టాగే అనుకోమన్నాడు. ఇంట్లో ఆడది కూడా మూడు పూటలా అన్నం పెడుతూ అట్టాగే అనుకోనిచ్చింది. నమ్మించినందుకు ఆమె మీద వచ్చినంత కోపం పేరు వాడుకున్నందుకు కంపెనీ మీద రాలేదు. తిట్టడానికి ఆమె లేదు.

తడిసిన కాళ్ళతోనే కాటా పాకకు వెళ్ళాడు.

"ముద్ర ఆమెదే," అన్నాడు.

"ఎవరైనా బెదిరించినారా?"

"నన్ను బెదిరించేవాడు ఈ ఊళ్ళో లేడు. ముద్ర ఆమెదే. ఆమె చచ్చిపోయింది. రెండూ రాసుకోండి."

"ఆమె తర్వాత ఎవరు? పిల్లలు?"

"లేరు. నేనే."

హెబ్రోను కలం పట్టుకొని అతని ముఖంలోకి చూశాడు. "ఆ పదెకరాలు నీవేనంటావా మేస్త్రీ?"

"కాగితంలో ఏముంది?"

"ఆమెవని ఉంది. ఆమె లేకపోతే నీవే."

"ఇంక నన్ను అడిగేదేముంది?"

హెబ్రోను జాబితాలో పేరమ్మ పేరు మీద గీత కొట్టి కింద 'వారసుడు, భర్త కామాక్షయ్య' అని రాశాడు. కామాక్షయ్య ఒక్కొక్క అక్షరం విడిగా పెట్టి సంతకం చేశాడు. తొమ్మిది తొమ్మిదిగానే మిగిలాయి. తర్వాత హెబ్రోను కాగితం వెనక్కు తిప్పి, గడుల్లేని తెల్లటి వైపు రాయడం మొదలుపెట్టాడు. మొగ గురించి. అరవై మంది గురించి. పదిహేడు మంది చిన్నవాళ్ళ గురించి. రెండు మూటల గురించి.

"వెనక వైపు ఎవురన్నా చదువుతారా?" అన్నాడు కామాక్షయ్య.

"తెలియదు," అన్నాడు హెబ్రోను. రాస్తూనే ఉన్నాడు.

*

సాయంత్రం పోటు లేచింది. ఆఖరి గట్టును కామాక్షయ్య ఒక్కడే కోశాడు. మొదట చేయి పట్టేంత పాయ వచ్చింది. చూస్తుండగానే అది రెండు పక్కలా ఇసుకను కొరుక్కుంటూ బారెడు వెడల్పయింది. ఆడవాళ్ళు గంపలు ఎత్తుకొని వెనక్కు తప్పుకున్నారు. నీళ్ళు కాలువలో పడి కంపెనీ కయ్యలను, పెంచలయ్య కయ్యలను వరసగా వెతుక్కుంటూ పోయాయి.

మాల్యాద్రి నాయుడు గట్టు దిగి వచ్చాడు. వెనక హజరత్తయ్య చేతిలో మడిచిన కాగితం, సిరా పెట్టె.

"మంచి పని చేసినావు కామాక్షయ్యా. ఒక చిన్న కాగితం రాసుకుందాం. ఆ పదెకరాలు ఊరికే పేరుకేనని. నీకూ నాకూ మధ్యనే. ఏదో పేరమ్మ ఆనాడు..."

"ఆ పేరు ఎత్తొద్దు."

"అదికాదబ్బా..."

"మొగ సంగతి అడగండి, చెప్తాను. కయ్యల సంగతి అడగండి, చెప్తాను. పొద్దున్నే వస్తాను, చెప్పిన పని చేస్తాను. ఆ సంగతి మీరెత్తినా సరే, ఇంకెవురెత్తినా సరే, నేను మాట్లాడను. ఈ పొద్దు కాదు. ఎప్పుడూ."

"మరి కాగితం?" అన్నాడు మాల్యాద్రి. "సంతకం పెడతావా, పెట్టవా? పదెకరాలు నీవంటావా? అదన్నా చెప్పు."

కామాక్షయ్య పారను పారే నీళ్ళలో ముంచి కడిగాడు. భుజాన వేసుకున్నాడు. ఆయన అడిగినదానికి ఆనాడు గాని ఆ తర్వాత గాని జవాబు చెప్పలేదు.